షెడ్డులో కోళ్లు వరసగా చస్తున్నాయి, బర్డ్ ఫ్లూ ఏమోనని భయం. పశుసంవర్ధక డిపార్ట్‌మెంట్‌కి చెప్పాలా, వద్దా? చెబితే పరిహారం నిజంగా చేతికొస్తుందా?

గోదారి_లేయర్:

మాది గోదావరి జిల్లా. ఊరి పేరు ఇప్పుడే చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఆరు వేల లేయర్లు (గుడ్ల కోళ్లు) ఉన్నాయి, 43 వారాల బ్యాచ్. మామూలుగా రోజుకి రెండో మూడో పోతుంటాయి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మొన్న 19 పోయాయి. మంచు ఎక్కువగా ఉంది కదా, దానికేమో అనుకున్నాం. నిన్న 46. ఇవాళ తెల్లారుజామున లైట్లు వేసి చూస్తే ఒక్క వరసలోనే పదకొండు, మెడలు కేజ్ బయటికి వేలాడేసి ఉన్నాయి. 176 ట్రేల గుడ్లు వచ్చే చోట నిన్న 150 వచ్చాయి, మేత తొట్లలో సగం మేత అలాగే మిగిలిపోయింది.

నా టెన్షన్ కోళ్ల గురించి ఒక్కటే కాదు. కాలవ అవతల మా బావమరిది షెడ్డు ఉంది, అర కిలోమీటరు కూడా ఉండదు, ఎనిమిది వేల కోళ్లు. వాడేమో "బావా, నీకు పాజిటివ్ వస్తే నావి కూడా గోతిలోకే కదా, నా షెడ్డులో ఒక్క కోడి కూడా తుమ్మలేదు" అంటున్నాడు. ముసలి కోళ్లు కొనే వ్యాపారి ఒకాయన ఎలా తెలిసిందో ఏమో ఫోన్ చేశాడు, రాత్రికి బండి పంపిస్తాను, బతికున్నవన్నీ ఎత్తేస్తాను, కిలోకి 40 ఇస్తాను, తెల్లారేసరికి షెడ్డు ఖాళీ అంటాడు. మా నాన్నగారు ఆయన మాటే బాగుందంటున్నారు.

2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ వచ్చి వేల్పూరు, కానూరు అగ్రహారం పేర్లు టీవీల్లో రోజంతా తిరగడం నాకు గుర్తుంది. అప్పుడు మా దాకా రాలేదు కానీ గుడ్లు ఎత్తేవాడు లేక రూమంతా ట్రేలు పేర్చుకుని కూర్చున్నాం.

చెప్పిన వెంటనే చంపేస్తారా? చచ్చినవాటికి కూడా డబ్బు ఇస్తారా, లేక చంపినవాటికేనా? చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుంది? నీతులు చెప్పొద్దు దయచేసి, నిన్నటి నుంచి అవే వింటున్నాను. అనుభవం ఉన్నవాళ్లు జరిగింది చెప్పండి చాలు.


రిటైర్డ్_పశువైద్యుడు:

బాబూ, ముందు ఆ బండికి రావద్దని ఫోన్ చేయండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం. ఒకవేళ అది బర్డ్ ఫ్లూ అయితే ఆ బండి పది సంతలు తిరుగుతుంది, ఆ గంపలూ ట్రేలూ ఇంకో పది షెడ్లకి వెళతాయి. 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో మన దేశంలో మొదటిసారి బయటపడిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, కొల్లేటికి వచ్చే వలస పక్షుల్ని అందరం తిట్టుకుంటాం కానీ, ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి దీన్ని మోసుకెళ్లేది ఎక్కువగా మన బండ్లూ, మన చెప్పులే.

ఇంకోటి, అది బర్డ్ ఫ్లూ కాకపోవచ్చు కూడా. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా ఆఖరుసారి ఎప్పుడు వేశారు? మెడ మెలితిప్పుకుని తిరుగుతున్నాయా? రెట్ట పచ్చగా పడుతోందా? లేక జుట్టు, తమ్మెలు నీలంగా మారి, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు వచ్చి, ఏ లక్షణమూ పెద్దగా లేకుండానే ఒక్కసారిగా పడిపోతున్నాయా? కంటితో చూసి ఏదీ తేల్చలేం, నేనూ తేల్చలేను, నలభై ఏళ్లు చేసినా సరే. అందుకే చచ్చినదాన్ని మీరు కోసి చూడకండి. చేతికి గ్లవ్స్, మూతికి మాస్కు లేకుండా ముట్టుకోకండి. మనుషులకి అరుదుగానే వస్తుంది కానీ, వస్తే ప్రాణం మీదకి తెస్తుంది.

చెప్పగానే చంపేస్తారన్నది అపోహ. అనుమానం వస్తే శాంపిల్ తీస్తారు, మీ షెడ్డుకి రాకపోకలు ఆపమంటారు. శాంపిల్ భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబ్‌కి వెళుతుంది. బర్డ్ ఫ్లూ ఉందో లేదో ఖరారు చేయాల్సింది ఆ ల్యాబే. అక్కడ పాజిటివ్ అని తేలి, ప్రభుత్వం నోటిఫై చేశాకే కోళ్ల మీద చెయ్యి వేస్తారు. అప్పుడు మాత్రం కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నీ పోతాయి, బాగున్నవీ బాగోలేనివీ అన్న తేడా ఉండదు. పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టి శాంపిళ్లు తీస్తూ ఉంటారు, కోళ్లు, గుడ్లు అటూ ఇటూ తిప్పనివ్వరు. అంటే మీ బావమరిది భయపడేది నిజమే, దాచడం దేనికి.

డబ్బు సంగతి. కేంద్రం కోడి రకాన్నీ వయసునీ బట్టి ఒక రేటు పట్టిక పెట్టింది, సగం కేంద్రం, సగం రాష్ట్రం భరిస్తాయి. టీమ్ వచ్చి చంపిన కోళ్లకీ, పూడ్చిన గుడ్లకీ, మేతకీ ఇస్తారు. రోగంతో ముందే చచ్చినవాటికి ఇవ్వరు. ఇది రెండుసార్లు చదవండి. రోజుకి 46 పోయే షెడ్డు రేపు 300 అవుతుంది, ఎల్లుండి వెయ్యి అవుతుంది. ఆగిన ప్రతి రోజూ మీ లెక్కలోంచి పోయినట్టే.


కోళ్ల_బాధితుడు_2025:

డాక్టరు గారు చెప్పింది కాగితం మీద కరెక్టే. కాగితం బయట ఏం జరిగిందో నేను చెబుతాను, ఎందుకంటే నేను ఆ కిలోమీటరు లోపలివాణ్ణి. నా షెడ్డులో ఒక్క కోడి కూడా చావలేదు. పక్కాయన పది రోజులు దాచాడు, రాత్రుళ్లు ట్రాక్టర్ మీద తీసుకెళ్లి ఎక్కడో పడేసి వచ్చాడు, చివరికి వాసన పట్టలేక ఊళ్లోవాళ్లే ఫోన్ చేశారు. అప్పటికి ఆయనవి సగానికి పైగా పోయాయి, వాటికి పైసా రాలేదు, అది ఆయన ఖర్మ. మరి నాది? సాయంత్రం అయిదింటికి తెల్ల డ్రెస్సుల్లో వచ్చారు. జేసీబీ గొయ్యి తీసింది, సున్నం బస్తాలు దించారు, రాత్రి రెండింటికి అంతా అయిపోయింది. పెట్టే కోళ్లవి. ఆ రోజు పొద్దున ఏరిన గుడ్లు కూడా గోతిలోకే. మా ఆవిడ షెడ్డు వైపు నెల రోజులు వెళ్లలేదు.

డబ్బు రాలేదని అనను, వచ్చింది. కానీ ఎప్పుడొచ్చింది, ఎంత వచ్చింది? పట్టికలో రేటు కోడికి కట్టేదే. ఆ కోడి ఇంకో ముప్పై వారాలు పెట్టబోయే గుడ్లకి ఎవరూ కట్టరు. షెడ్డు మూడు నెలలు ఖాళీ, కడిగి, సున్నం వేసి, మళ్లీ శాంపిల్ తీసి బాగుందన్నాకే కొత్త పిల్లలు వేయాలి. వేశాక గుడ్డు చూడటానికి ఇంకో నాలుగున్నర నెలలు. ఈలోగా బ్యాంకు వాయిదా ఆగదు, కరెంటు మినిమం బిల్లు ఆగదు, పనివాళ్లు వేరే చోటికి పోతారు. నా లెక్కలో పరిహారం పోయినదాంట్లో మూడో వంతు కూడా కాదు. ఇది నా ఒక్కడి లెక్క, అందరికీ ఇంతేనని చెప్పట్లేదు.

ఇంత చెప్పి నేనేమంటానో తెలుసా తమ్ముడూ, ఫోన్ చెయ్యి. ఎందుకంటే నీ పరిస్థితి నాది కాదు, మా పక్కాయనది. దాచినవాడికి కోళ్లూ పోయాయి, డబ్బూ పోయింది, ఊళ్లో ముఖమూ పోయింది. నా కోపమంతా ఈ పరిహారం రూల్స్ రాసినవాళ్ల మీద. ముందుగా చెప్పినవాడికీ పది రోజులు దాచినవాడికీ బతికున్న కోడికి ఒకే రేటు. మొదటి రోజే చెప్పినవాడికి ఒక పది శాతం ఎక్కువిస్తే ఏం పోయింది? కిలోమీటరు లోపల నాలాంటివాళ్లకి ఖాళీ నెలలకి కనీసం వడ్డీ మాఫీ చేస్తే ఏం పోయింది? అది లేనంతకాలం ప్రతి ఊళ్లో ఒక బావమరిది ఉంటాడు.


పశు_సహాయకురాలు:

నేను రైతు సేవా కేంద్రంలో పని చేస్తాను, పేరు, మండలం అడగొద్దు. అన్నగారు రాసింది చదివాక కొంచెం మా వైపు కూడా చెప్పాలనిపించింది.

మాకు ఫోన్ వచ్చేసరికి ఎప్పుడూ ఆఖరే. మందుల షాపు అయ్యాక, ఫీడ్ కంపెనీ డాక్టరు అయ్యాక, వ్యాపారి బండి అయ్యాక మేం. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం జంతువుకి అంటువ్యాధి అనుమానం ఉంటే యజమాని పంచాయతీకి గానీ గ్రామ అధికారికి గానీ చెప్పి తీరాలి, రోగంతో చచ్చినదాన్ని కాలవలో వేస్తే అది వేరే నేరం. ఉంది చట్టం. జరిమానాలు మాత్రం పదిహేనేళ్ల కిందటి వేలల్లోనే ఉన్నాయి, ఆ డబ్బుకి ఇప్పుడు ఒక రోజు మేత కూడా రాదు. ఎవరు భయపడతారు?

పెద్ద షెడ్డు ఎంతో కొంత సులువు, లెక్క ఉంటుంది, యజమాని ఎదురుగా ఉంటాడు. కష్టమంతా ఇళ్లల్లో నాటు కోళ్ల దగ్గర. ఒకామె ఇంట్లో నాలుగు పెట్టలు ఉన్నాయని ముందు రోజు సర్వేలో నేనే రాసుకున్నాను. తెల్లారి వెళితే "లేవమ్మా, కుక్క ఎత్తుకుపోయింది" అంది. నేను మంచం మీద కూర్చుని మాట్లాడుతుంటే ఆ మంచం కింద గంప కదిలింది. ఆమె నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. గంప తీసింది మా అటెండరు, నేను కాదు. నాలుగూ ఉన్నాయి, ఒకటి పిల్లల్ని పొదుగుతోంది. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

పందెం పుంజుల సంగతి ఇంకోటి. యాభై వేలకి అడిగారు మేడమ్ ఈ పుంజుని, బాదం పప్పు పెట్టి పెంచాను అంటాడు. పట్టికలో పందెం పుంజుకి వేరే గడి లేదు, అదీ కోడే. రాత్రికి రాత్రి బైకు మీద చుట్టాల ఊరికి పోతుంది. వైరస్ కూడా దాంతోపాటే పోతుంది.

చంపే పనిలో ఉన్నన్ని రోజులూ మేం టామీఫ్లూ (ఫ్లూ మందు) మింగాం, ఇంటికొస్తే పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. అన్నా, మీరు 1962కి (పశువుల హెల్ప్‌లైన్) ఫోన్ చేయొచ్చు, లేదా నేరుగా మీ ఊరి సేవా కేంద్రానికి చెప్పొచ్చు. మీరు చెప్పారని ఊళ్లో డప్పు వేయం. కానీ శాంపిల్ బండి వచ్చాక ఎలాగూ తెలిసిపోతుంది, అది మా చేతుల్లో లేదు.


గొల్లోళ్ల_పిల్లగాడు:

తెలంగాణ నుంచి. మాకు కోళ్లు లేవు, గొర్లు, బర్లు ఉన్నాయి. ఒక సందేహం, కొంచెం పక్కదారి పట్టిస్తున్నా, ఏమనుకోవద్దు.

మా బర్లకు గాలికుంటు వస్తే చంపరు, ఏడాదికి రెండుసార్లు టీకా వేస్తరు, 2019లో పెట్టిన కేంద్రం ప్రోగ్రాం కింద ఉచితమే, 2030 కల్లా రోగమే లేకుండా చేస్తం అన్నరు. చెవికి పన్నెండు అంకెల పోగు కూడా వేసిండ్రు. లంపీ (ముద్ద చర్మ వ్యాధి) వచ్చినప్పుడు మేకల మశూచి టీకానే ఆవులకు వేసి ఆపిండ్రు. మరి కోళ్లకు ఎందుకు టీకా లేదు, ఎందుకు ఊరికే పూడ్చుడు? ఇంకోటి, కోడిని చంపితే పైసలు ఉన్నయి, 2022లో లంపీతో ఆవులు చచ్చినోళ్లకు దేశమంతటికీ ఒక లెక్క అనేది ఏమన్నా ఉన్నదా? రాజస్థాన్‌ల మాత్రం తర్వాతి ఏడాది, చచ్చిన ఒక్కో పాడి ఆవుకు 40 వేలు ఇచ్చిండ్రు. చంపితే ఇస్తరు, చస్తే ఇయ్యరు, ఇదేం పద్ధతి?


రిటైర్డ్_పశువైద్యుడు:

పక్కదారి కాదు బాబూ, అసలు ప్రశ్నే అడిగావు.

చంపితే ఇవ్వడం, చస్తే ఇవ్వకపోవడం వెనక ఒక ఆలోచన ఉంది. సర్కారు ఇచ్చేది నష్టానికి కాదు, నీ ఆస్తిని తను లాక్కున్నందుకు. రోగం తీసుకుపోయినదానికి బీమా ఉండాలన్నది దాని లెక్క. ఆ బీమా చిన్న రైతుల్లో ఎంతమందికి ఉందంటే, నేను సర్వీసులో ఉన్నప్పుడు చూసినంతలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడే ఆలోచన కుంటుపడింది. అమెరికాలో కూడా ముందే చచ్చిన కోడికి ఇవ్వరు, బతికుండగా చంపినదానికే. పైగా 2024 డిసెంబరు నుంచి ఒకసారి రోగం వచ్చిన షెడ్డు శుభ్రత ఆడిట్ పాసైతేనే తర్వాత పరిహారం అని పెట్టారు.

టీకా మాటకొస్తే, గాలికుంటుకీ దీనికీ పోలిక కుదరదు. గాలికుంటుకి చావులు తక్కువ, పాలు తగ్గడం, కాడెడ్లు పని చేయలేకపోవడం ఎక్కువ. దేశమంతా ఉంది, చంపుకుంటూ పోతే పశువులే మిగలవు. బర్డ్ ఫ్లూ అలా కాదు, అక్కడక్కడా రాజుకుంటుంది, వెంటనే తొక్కేస్తే ఆరిపోతుంది. టీకా వేసిన కోడి చావదు కానీ వైరస్‌ని లోపల తిప్పుతూ ఉండొచ్చు. ఇప్పుడు ఈ గోదారి బాబుకి షెడ్డులో రోగం వచ్చిందని చెబుతున్నది ఆ 46 చావులే కదా, టీకా వేస్తే ఆ గంట మోగదు. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకి టీకా వేస్తోంది, అమెరికా వెంటనే అక్కడి కోళ్ల ఉత్పత్తుల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. మన గోదావరి గుడ్డు ఒడిశా, బెంగాల్, అస్సాం దాకా పోతుంది, 2025లో తెలంగాణ సరిహద్దులోనే ఆంధ్రా కోళ్ల బండ్లు ఆపేశారు, గుర్తుందిగా. అయినా టీకా వద్దే వద్దు అని నేను అనను, ముందు ముందు తప్పకపోవచ్చు.

పశువుల ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) సంగతి మీ తాతని అడుగు. ఊళ్లకి ఊళ్లు పశువులు లేకుండా చేసిన రోగం. టీకాలతో తరిమి తరిమి, 1995లో ఆఖరి కేసు చూశాక, టీకా ఆపేసి మరీ ఏళ్లతరబడి కాచుకుని కూర్చున్నారు, ఎక్కడైనా మిగిలి ఉంటే బయటపడుతుందని. ఎక్కడ ఏ గేదె ముక్కు కారినా, నోరు పూసినా ఎవరో ఒకరు వచ్చి చెప్పేవాళ్లు. 2006లో మనకి, 2011లో ప్రపంచానికి ఆ పీడ వదిలింది. అప్పుడు చెప్పినవాడికి పోయేదేమీ లేదు, డాక్టరొచ్చి చూసి వెళ్లేవాడంతే. ఇప్పుడు చెబితే ఆరు వేల కోళ్లు పోతాయి. 2025 బాధితుడు గారు అడిగిన పది శాతం ముచ్చట నేనూ ఒక మీటింగులో అన్నాను, టీ వచ్చింది, మాట మారింది.


కోళ్ల_బాధితుడు_2025:

టీ మాత్రం టైముకి వస్తుంది లెండి.

తమ్ముడూ, ఎక్కడున్నావు? బండి వచ్చిందా?


గోదారి_లేయర్:

రాలేదు, రానివ్వలేదు. మధ్యాహ్నం ఫోన్ చేశాను. నాన్నగారికి చెప్పకుండానే చేశాను, చెప్పి ఉంటే చెయ్యనిచ్చేవారు కాదు.

ఇద్దరు వచ్చారు. అప్పుడే చచ్చిన మూడింటిని కవర్లలో చుట్టి ఐస్ పెట్టెలో పెట్టుకున్నారు, బతికున్నవాటి గొంతులోంచీ వెనక నుంచీ దూది పుల్లలతో శాంపిళ్లు తీశారు. జుట్టు నీలంగా ఉందా అని డాక్టరు గారు అడిగారు కదా, కొన్నిటికి ఉంది, కొన్నిటికి మెడ కూడా తిరుగుతోంది, వచ్చినాయన కూడా ఏమీ తేల్చలేదు. కొక్కెర టీకా ఆఖరుసారి వేసింది చీటీలో చూస్తే అనుకున్నదానికంటే ఆరు వారాలు ఎక్కువైంది, అది నా తప్పే. గేటుకి తాళం వేసి సున్నం చల్లమన్నారు, షెడ్డులోకి ఒక్క మనిషే వెళ్లాలన్నారు, గుడ్లు ఎవరికీ అమ్మొద్దన్నారు. ఇవాళ 61 పోయాయి.

బావమరిది ఫోన్ ఎత్తట్లేదు. మా ఆవిడ వాళ్లింటికి వెళ్లి గుమ్మంలోంచే తిరిగొచ్చింది. గుడ్ల రూములో 140 ట్రేలు పేర్చి ఉన్నాయి, పొద్దున్న మళ్లీ వస్తాయి, వాటికేం తెలుసు.

భోపాల్ నుంచి రిపోర్టు రావడానికి మీకెవరికైనా ఎన్ని రోజులు పట్టింది?


కోళ్ల_బాధితుడు_2025:

మా ఊరికి నాలుగో రోజు తెలిసింది. ఫోన్‌లో చార్జింగ్ ఉంచుకో.

ఈలోగా ఒక పని చెయ్యి. ఈ రాత్రే వరసల వారీగా బతికున్న కోళ్లు లెక్కపెట్టి, తారీఖు వేసి నోటుబుక్కులో రాసుకో, ఫోన్‌తో ఫొటోలు తియ్యి. మేత ఎన్ని బస్తాలు ఉందో, గుడ్లు ఎన్ని ట్రేలు ఉన్నాయో అదీ రాయి. శాంపిల్ తీసినాయన ఇచ్చిన కాగితం, పిల్లలు కొన్న బిల్లు, టీకా చీటీ అన్నీ ఒక కవర్లో పెట్టు. నాలుగో రోజు పాజిటివ్ అని వచ్చిందనుకో, అప్పుడు ఎవరూ నీకు లెక్కపెట్టుకునే టైము ఇవ్వరు. మీ బావమరిదికి కూడా ఇదే మెసేజ్ పంపించు, ఫోన్ ఎత్తకపోయినా చదువుతాడు.